దెబ్బ తగలకుండానే ప్లీహం పగిలితే: బ్లడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లకు, ఇంట్లోవాళ్లకు

నమస్కారమండి. ఒకసారి మీ కుడి అరచేతిని ఎడమ డొక్క మీద, చివరి పక్కటెముకల దగ్గర పెట్టుకోండి. దాని లోపల, కాస్త వెనగ్గా ఉండేదే ప్లీహం. ఆస్పత్రిలో స్ప్లీన్ అంటారు. పెద్దవాళ్లలో సుమారు 150 గ్రాములు ఉంటుంది, మామూలుగా చేతికి తగలదు.

లుకేమియా, లింఫోమా అనే బ్లడ్ క్యాన్సర్లు ఉన్నవాళ్లలో క్యాన్సర్ కణాలు ఇందులో పేరుకుంటాయి. సీఎంఎల్ అనే ఒక రకం లుకేమియా ముదిరితే ప్లీహం ఒక్కోసారి బొడ్డు దాటి కిందికి దిగుతుంది. పైపొర సాగి సాగి బిగుసుకుపోతుంది. ప్లేట్‌లెట్లు కూడా పడిపోతే చిన్న చిరుగు పడినా రక్తం ఆగదు. ప్లీహం పగలడానికి గట్టిగా దగ్గినా చాలు, ఒక్కోసారి అదీ అక్కర్లేదు. అరుదే, కానీ జరిగితే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. కొందరికి బ్లడ్ క్యాన్సర్ ఉందని బయటపడేదే ఇలా.

ప్లీహం పగిలినప్పుడు ఎడమ డొక్కలో నొప్పి సరే, ఎడమ భుజం ఎందుకు లాగుతుంది? కారిన రక్తం డయాఫ్రమ్‌ను, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొరను, రాపిడి పెడుతుంది. దాని నరం బయల్దేరేది మెడలో, భుజం నరాలు పుట్టేచోటే. అందుకే భుజమే నొప్పెడుతున్నట్టు అనిపిస్తుంది. దీన్ని జర్మన్ సర్జన్ పేరు మీద కేర్స్ సైన్ అంటారు. అందరికీ రాదు. వచ్చినప్పుడు మాత్రం మనవాళ్లు భుజానికి బామ్ రాసి, కడుపుకి గ్యాస్ మాత్ర వేసి పడుకోబెడతారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

నొప్పితో పాటు చల్లటి చెమటలు, కళ్లు తిరగడం, ముఖం పాలిపోవడం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. బ్లడ్ క్యాన్సర్ ఉందని ముందే చెప్పండి, ఫైల్ వెంట తీసుకెళ్లండి. డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటివి వేయకండి, రక్తం ఇంకా కారుతుంది. ఆపరేషన్ అవసరం పడొచ్చు కాబట్టి ఏమీ తినిపించకండి, తాగించకండి. పొట్ట నొక్కి చూడకండి. తెల్లకణాలు పెరగడానికి ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్లు తీసుకుంటుంటే ఆ మాటా చెప్పండి, వాటితోనూ అరుదుగా ప్లీహం పగులుతుంది.

ఇప్పుడు స్క్రీన్ మీద సీటీ బొమ్మ చూడండి. ప్లీహం చుట్టూ బూడిదరంగు అంచు కనిపిస్తోందా? అదంతా బయటికొచ్చిన రక్తమే. బీపీ పడిపోతుంటే సీటీ దాకా ఆగరు, మంచం దగ్గరే అల్ట్రాసౌండ్ చేస్తారు. రక్తం, ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారు. పేషెంట్ నిలకడగా ఉంటే రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, ప్లీహానికి వెళ్లే ధమనిని మూసేయొచ్చు. లేదంటే ఆపరేషన్ చేసి ప్లీహాన్ని తీసేస్తారు.

ప్లీహం తీసేశాక కొన్ని ఇన్ఫెక్షన్లు త్వరగా ముదురుతాయి. అందుకే న్యుమోకాకల్, మెనింగోకాకల్, హిబ్ టీకాలు ఎప్పుడు వేయాలో డిశ్చార్జికి ముందే అడిగి రాయించుకోండి. ఆ తర్వాత ఎప్పుడు జ్వరం వచ్చినా పారాసెటమాల్‌తో రేపటిదాకా చూద్దామనుకోవద్దు. వెంటనే ఆస్పత్రికి వెళ్లి, ప్లీహం లేదని చెప్పండి.