ఫాస్ట్ అంటే కదలనిది

ఫాస్ట్ అంటే ఏమిటని అడిగితే మీలో ఎవరైనా ‘వేగం’ అనే చెప్తారు. సరే. మరి ధర్మవరం పట్టుచీర బేరం చేస్తూ అమ్మ ‘రంగు దిగుతుందా?’ అంటే, అంగడాయన ‘ఫాస్ట్ కలరమ్మా’ అంటాడు కదా, అక్కడ వేగం ఎక్కడుంది? అమ్మ ఆ మాట నమ్మకుండా తెల్లగుడ్డ తడిపి కొంగు మూల రుద్ది చూస్తుంది. గుడ్డకి ఎరుపు అంటకపోతేనే కొంటుంది. అంటే ఆ రంగు ఎక్కడికీ పోదని, పట్టుకుని ఉంటుందని.

అసలు అర్థం అదే! పాత ఇంగ్లీషులో ‘ఫ్యాస్ట్’ అంటే గట్టిగా, కదలకుండా బిగుసుకుని ఉన్నది. స్టెడ్‌ఫాస్ట్ (చలించని) అన్న మాటలో ఆ అర్థం ఇప్పటికీ ఉంది, ఫాసెన్ యువర్ సీట్ బెల్ట్ అన్నప్పుడూ బిగించమనే.

మరి కదలనిది పరుగెలా అయింది? ఇది నాకు చాలా ఇష్టమైన మలుపు. గట్టిగా అనేది నెమ్మదిగా ‘బలంగా’ అయింది, బలంగా పరిగెత్తడం ‘వేగంగా’ పరిగెత్తడం అయింది. సైకిల్ మీద వెనక కూర్చున్నవాడు ‘రేయ్, గట్టిగా తొక్కరా’ అంటాడు చూడండి, వాడికి కావాల్సింది పెడల్ మీద బలం కాదు, బండి తొందరగా పోవడం. మనమూ ఆ దారిలోనే ఉన్నామన్నమాట. ఫాస్ట్ అస్లీప్ కూడా ఇందులోదే. గాఢనిద్ర. మన గాఢాలింగనంలో ఉన్న గాఢం కూడా గట్టిదనమే కదా.

ఇక ఉపవాసం. ఫాస్టింగ్ వేరే మాట అనుకుంటాం గానీ దీనికీ మూలం ఒకటే. ఇంగ్లీషు, జర్మన్ చేరిన జర్మానిక్ భాషల కుటుంబంలో చాలా పాతదైన గోథిక్‌లో ‘ఫాస్తాన్’ అంటే పట్టుకోవడం, నియమం పాటించడం, ఉపవాసం ఉండటం, మూడూను. మన ఇళ్లలో శనివారం ఒక్కపొద్దు ‘పట్టారు’ అంటారు, కార్తీకంలో అయ్యప్ప దీక్ష ‘పట్టారు’ అంటారు. ఎక్కడి గోథులు, ఎక్కడి కడప! ఒకరి నుంచి ఒకరు తీసుకున్నది కాదిది, నియమాన్ని జారిపోకుండా పట్టుకోవాలన్న ఆలోచన రెండుచోట్లా మాటలోకి వచ్చింది. ఆ పట్టు విడిచి పొద్దున తినేది బ్రేక్‌ఫాస్ట్. మీరందరూ ఇప్పుడు ఉగ్గాని బజ్జీతో చేసి వచ్చిందే.

గడియారం ఐదు నిమిషాలు ఫాస్ట్ అన్నా, తక్కువ వెలుతురులో ఫొటో తీయగల ఫాస్ట్ లెన్స్ అన్నా అవి వేగం నుంచి తర్వాత వచ్చినవే, వాటి దగ్గర ఆగను.

1820లో ఈ కడపకి వచ్చిన, తెలుగు నిఘంటువు చేసిన సి.పి. బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టుకుని ఒక్కో మాటకి ఎన్ని అర్థాలున్నాయో ఓపికగా రాయించాడు. ఆయన పేరు మీదున్న లైబ్రరీ మీకు నడిచిపోయే దూరంలోనే ఉంది, పోయి నిఘంటువు తెరవండి, మొదటి అర్థం దగ్గర మాత్రం మూసేయకండి. జర్మన్‌లో ఇదే ‘ఫాస్ట్’ అంటే ‘దాదాపు’ అట! అది అక్కడిదాకా ఎలా పోయిందో ఎవరైనా ఊహించగలరా? చెప్పండి, వింటాను.