వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు రెండు సాయంత్రాలు

(తెలంగాణలోని ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో, ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో ఒక రిటైర్డ్ కామర్స్ లెక్చరర్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ అన్నలు ముందుకొచ్చి కూర్చోండి. ఫ్యాన్లు ఇటువైపే తిరుగుతున్నాయి.

ఇంటర్ తర్వాత పిల్లల్ని ఏం చదివించాలో, ఎక్కడ చదివించాలో చెప్పమని ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచారు. ఆ విషయంలో నా సొంత రికార్డు అంత బాగుండదు సార్ అన్నాను. పర్వాలేదు రండి అన్నారు. అందుకని ఆ రికార్డుతోనే మొదలుపెడతా.

నేను 31 ఏళ్లు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీకాం పిల్లలకు పాఠం చెప్పాను. 'బీకాంలో చేర్పిస్తే ఏమొస్తుంది సార్' అని అనుమానంగా వచ్చిన తండ్రుల్ని ఎంతమందిని కూర్చోబెట్టి ఒప్పించానో లెక్కలేదు. 2012లో మా పెద్దాడు ఇంటర్ అయిపోయి, 'నాన్నా, నేను బీకాంలో చేరి సీఏ రాస్తా' అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎందుకని అడగండి. బీకాం లెక్చరర్ కొడుకు బీకాంలో చేరితే, పాపం ఎంసెట్‌లో ర్యాంకు రాలేదేమో అని స్టాఫ్ రూంలో అనుకుంటారు. అదీ నా టెన్షన్. వాడి భవిష్యత్తు గురించి కాదు, మా స్టాఫ్ రూం గురించి.

ఇంజనీరింగ్‌లో ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ బ్రాంచిలో చేర్పించాం. మొదటి ఏడాదే ఎం-1, లెక్కల పేపరు, పోయింది. తర్వాత ఒకటొకటిగా బ్యాక్‌లాగ్‌లు, తప్పిన పేపర్లు, పేరుకున్నాయి. ఒక ఏడాది క్రెడిట్స్ చాలక డిటెయిన్ అయ్యాడు, పై ఏడాదికి పోనివ్వలేదు. రిజల్ట్స్ వచ్చిన రాత్రి మిద్దె మీదికెళ్లి వాటర్ ట్యాంకు పక్కన కూర్చునేవాడు. వాళ్లమ్మ అన్నం కంచం పైకి తీసుకెళ్లేది, కాసేపటికి అలాగే కిందికి తెచ్చేది. ఇద్దరూ నాతో ఏమీ అనలేదు. నాలుగేళ్ల చదువు 2018లో, ఆరేళ్లకు అయింది. ఇప్పుడు రైస్ మిల్లులకు, షాపులకు జీఎస్టీ రిటర్నులు వేసే చిన్న ఆఫీసు పెట్టుకున్నాడు, బాగానే ఉన్నాడు. ఆ పని మొదలుపెట్టిన కొత్తలో నా అల్మారాలోంచి నా పాత అకౌంట్స్ పుస్తకమే తీసుకెళ్లాడు. అప్పుడు కూడా ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

సరే. మన ఊళ్లలో ఈ నిర్ణయం ఎక్కడ జరుగుతుందో మీకూ తెలుసు. నెట్ సెంటర్లో. వెబ్ ఆప్షన్లు అక్కడే పెడతాం, అంటే ఏ కాలేజీలో ఏ బ్రాంచి కావాలో ఆన్‌లైన్‌లో వరుసగా రాసిస్తాం. ఇంజనీరింగ్ సీట్ల ఎప్‌సెట్ కౌన్సెలింగ్ రోజుల్లో, మనం ఇంకా ఎంసెట్ అనే అంటాం, సెంటర్ ముందు చెప్పులు గుట్టగా పడుంటాయి. కంప్యూటర్ ముందున్న తమ్ముడు 'ర్యాంకెంత, కులమేంటి, సీఎస్‌ఈయేనా' అని మూడు ప్రశ్నలు అడుగుతాడు. సీఎస్‌ఈ అంటే కంప్యూటర్ సైన్స్. నాలుగక్షరాల కాలేజీ కోడ్‌లు టకటకా కొడతాడు. పక్కన తండ్రి చేతులు కట్టుకుని నిలబడతాడు. పిల్ల గోడకు అంటించిన పాత ర్యాంకుల కాగితం చూస్తుంటుంది. పావుగంటలో నాలుగేళ్ల సంగతి తేలిపోతుంది. ఆ తమ్ముడి తప్పేం లేదు, బయట ఇంకా పది మంది ఉన్నారు. పెళ్లి సంబంధమైతే ముగ్గుర్ని పంపి వాకబు చేయిస్తాం. ఇక్కడ మాత్రం ముక్కూ మొహం తెలియని కాలేజీకి నలభయ్యో ఆప్షన్ ఇచ్చేసి వస్తాం.

మీరు ఇంట్లో రెండు సాయంత్రాలు కేటాయించండి. టీవీ ఆపండి. మొదటి సాయంత్రం ఏం చదవాలో, అసలు ఇప్పుడే చదవాలో వద్దో మాట్లాడుకోండి. రెండో సాయంత్రం ఎక్కడ అన్నది చూడండి. మనం రెండోదాన్నే ముందు పెట్టుకుంటాం. 'ఫలానా కాలేజీలో సీటొచ్చింది, ఏ బ్రాంచైతే ఏంటి' అంటాం. లేదంటే 'సీఎస్‌ఈ వచ్చింది, ఏ కాలేజీ అయితే ఏంటి' అంటాం. రెండు మాటల్లోనూ చదవాల్సిన పిల్లవాడు లేడు.

ఆప్షన్ల వరుస గురించి ఒక సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఏటా పిల్లలు ఇక్కడే దెబ్బతింటున్నారు. కంప్యూటర్ ర్యాంకుల వరుసలో ఒక్కొక్కర్ని తీసుకుంటుంది. మీ వంతు వచ్చేసరికి మీ లిస్టు పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, మీకు దొరికే మొదటి సీటు ఇచ్చేస్తుంది. కాబట్టి రాదేమో అనిపించే మంచి సీటు పైన పెట్టినందుకు మీకు పోయేదేం లేదు. దొరక్కపోతే కిందిదానికి దిగుతుంది, అంతే. మరి పోయేది ఎక్కడ? ఎలాగూ చేరని కాలేజీని 'ఉండనీ' అని మధ్యలో ఇరికించినప్పుడు. ఆ సీటు వస్తే దాని కింద మీరు రాసినవేవీ ఆ విడతలో కంప్యూటర్ చూడదు. చేరనిది రాయొద్దు. కిందటేడు ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీకి చివరి ర్యాంకు ఎంత దాకా వెళ్లిందో లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. దాన్ని అంచనాకు వాడుకోండి, భయానికి కాదు. ఇంకొకటి, సీటు వచ్చాక ఫీజు కట్టి గడువులోపు సెల్ఫ్ రిపోర్టింగ్, అంటే ఈ సీటు తీసుకుంటున్నానని ఆన్‌లైన్‌లో ఒప్పుకోవడం, చేయకపోతే ఆ సీటు పోతుంది.

ఇక డబ్బు. పిల్లల ముందు డబ్బు మాట ఎందుకని చాలామంది తల్లిదండ్రులు దాచిపెడతారు. దాచొద్దు, కాగితం మీద వాళ్లతోనే లెక్క వేయించండి. మన రాష్ట్రంలో బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనకబడ్డ) పిల్లలకు ఇంజనీరింగ్‌లో ర్యాంకు 10,000 లోపు ఉంటే పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే ఫీజు ప్రభుత్వమే కడుతుంది. దాటితే చాలామందికి ఏడాదికి 35,000 మాత్రమే. దానికీ ఆదాయ పరిమితి ఉంది. కాలేజీ ఫీజు లక్ష అనుకోండి. ఏడాదికి 65,000 మన చేతి నుంచే, నాలుగేళ్లకు 2,60,000. హాస్టల్ నెలకు 7,000 చొప్పున ఏడాదికి పది నెలలు వేసుకున్నా, నాలుగేళ్లకు 2,80,000. మొత్తం 5,40,000. ఇందులో ల్యాప్‌టాప్ లేదు, పరీక్ష ఫీజులు లేవు, దసరాకు ఊరొచ్చే బస్సు చార్జీ లేదు. ఆ అంకె చూశాక కూడా చదివిద్దామంటే శుభం, చదివించండి. చూడకుండా చేర్పించి మూడో ఏడాది పొలం కాగితాలు పట్టుకుని తిరిగినవాళ్లను నేను ఎరుగుదును.

మేనేజ్‌మెంట్ కోటాలో చేరినా, కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లకు పెట్టే స్పాట్ అడ్మిషన్‌లో చేరినా రీయింబర్స్‌మెంట్ రాదు. ఈ ముక్క చేరేటప్పుడు గట్టిగా చెప్పేవాళ్లు తక్కువ. అలాగే చేరాక మనసు మారితే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వం అని బెదిరిస్తారు. యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2018లోనే తేల్చి చెప్పింది, ఒరిజినల్స్ చూసి తిరిగి ఇచ్చేయాలి, కాలేజీ దగ్గర అట్టిపెట్టుకోకూడదు. నా దగ్గర చదివిన ఒకమ్మాయి, పేరు చెప్పను, కాలేజీ పేరూ చెప్పను, తన టెన్త్ మెమో కోసమే పదకొండుసార్లు తిరిగింది. బస్సు టికెట్లన్నీ పిన్ను కొట్టి దాచుకుంది.

కాలేజీని ఎలా చూడాలి? ఫ్లెక్సీ చూడొద్దు. ఫ్లెక్సీ మీద పెద్ద ప్యాకేజీ పక్కన ఒక్క ఫొటో ఉంటుంది. ఆ ఒక్కడు ఎలాగైనా బాగుపడేవాడే, మిగతా అరవై మంది ఏమయ్యారో మనకు కావాలి. కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులకు దరఖాస్తు చేసే కాలేజీలు, తాము పంపిన లెక్కల్ని వాళ్ల వెబ్‌సైట్‌లోనే పెట్టాలి. అందులో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మధ్యలో ఉన్నవాడి జీతం ఎంత అన్నది పట్టికలో ఉంటుంది. 'మీడియన్ శాలరీ' అనే గడి వెతకండి. ఫ్లెక్సీకీ దానికీ ఉన్న తేడా చూసి నవ్వొస్తుంది ఒక్కోసారి. చదువు నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపులు రెండున్నాయి. న్యాక్ గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇస్తారు, ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచి వారీగా ఇస్తారు. 'మాకు ఎన్‌బీఏ ఉంది' అంటే మీ అమ్మాయి చేరే బ్రాంచికి ఉందా అని అడగండి.

కాగితాలకంటే నాకు నమ్మకమైంది ఇంకొకటుంది. పనిరోజు చూసి మధ్యాహ్నం రెండు గంటలకు కాలేజీకి వెళ్లండి. అడ్మిషన్ల ఆఫీసులో కూర్చోబెట్టి కూల్‌డ్రింక్ ఇస్తారు, తాగి బయటపడండి. ల్యాబు తలుపు తీసుందా, తాళం ఉందా? క్లాసులో సార్ ఉన్నాడా? లైబ్రరీలో కుర్చీల మీద దుమ్ముందా, మనుషులున్నారా? గేటు బయట టీ కొట్టు దగ్గర మూడో ఏడాది పిల్లలుంటారు. 'మీ చెల్లెల్ని ఇక్కడ చేర్పిస్తావా బాబూ' అని అడగండి. వాడు జవాబు చెప్పేముందు ఎంతసేపు ఆగుతాడో చూడండి.

సీఎస్‌ఈ అడిగారు ఇందాక ఒక అమ్మ. ఏఐ మంచిదా, డేటా సైన్స్ మంచిదా అని. అమ్మా, పేరు ఏదైనా మొదటి ఏడాది పుస్తకాలు తెరిస్తే లెక్కలు, సైన్సు, ఇంగ్లిష్, ప్రోగ్రామింగే ఉంటాయి. మీ అబ్బాయికి లెక్కలతో గంటసేపు కూర్చునే ఓపిక ఉందా లేదా అన్నదే అసలు సంగతి. అది మీకంటే వాళ్ల లెక్కల మేడంకు బాగా తెలుసు. ఆమె అదిగో అక్కడే కూర్చున్నారు, ఈ రెండేళ్లలో ఆమెను ఆ ప్రశ్న ఒక్కరైనా అడిగారా?

ఇక అసలు డిగ్రీ కావాలా? సూటిగా చెబుతా. మన దగ్గర డిగ్రీ చాలాచోట్ల గేటు దగ్గర చూపించే టికెట్. కానిస్టేబుల్‌కు ఇంటర్ చాలు, ఎస్సైకి డిగ్రీ ఉండాలి. గ్రూప్స్ రాయాలన్నా, బ్యాంకు ఆఫీసరు ఉద్యోగానికి పీఓ రాయాలన్నా డిగ్రీ. కాబట్టి 'డిగ్రీ దండగ' అని మొబైల్లో వీడియోలు చేసేవాళ్లను నమ్మొద్దు, అందులో చాలామందికి డిగ్రీ ఉంది. అయితే ఆ టికెట్ పద్దెనిమిదేళ్లకే, రెగ్యులర్ కాలేజీలోనే కొనాలని ఎక్కడా లేదు. మన అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ 1982లో పుట్టింది, దేశంలో అదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. షాపులో పనిచేసుకుంటూ, ఆటో నడుపుకుంటూ అందులో డిగ్రీ చేసినవాళ్లు నాకు తెలుసు, వాళ్లలో ఇద్దరు ఇప్పుడు టీచర్లు. పాలిటెక్నిక్ చేసినవాళ్లు ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. సీఏ ఫౌండేషన్‌కు ఇంటర్ చాలు. ఈ దార్లన్నీ నాకు తెలుసు. నా కొడుక్కి తప్ప అందరికీ చెప్పాను.

డిగ్రీ సీట్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే దోస్త్‌లో మన పక్క పట్నం ప్రభుత్వ డిగ్రీ కాలేజీ పెట్టుకుంటే నామోషీ అనుకుంటారు. ఆ నామోషీ ఖరీదు ఇందాక లెక్కేశాం, 5,40,000.

ఆడపిల్లల విషయం. 'దూరం పంపలేం సార్, ఉన్న ఊళ్లో ఏదుంటే అది' అంటారు. తమ్ముణ్ని మాత్రం హైదరాబాద్ హాస్టల్లో వేస్తారు. మీ భయం నాకు అర్థమవుతుంది, నాకూ కూతురుంది. కానీ భయపడేదైనా వెళ్లి చూశాకే భయపడండి. హాస్టల్ వార్డెన్‌తో మాట్లాడండి, రాత్రి ఎనిమిదికి ఆ వీధిలో ఒకసారి నడవండి. చూశాక వద్దనిపిస్తే వద్దనండి. చూడకుండా వద్దంటే ఆ పిల్ల జీవితాంతం గుర్తుపెట్టుకుంటుంది, చెప్పదు.

నాకిచ్చిన టైము అయిపోయింది, ప్రిన్సిపాల్ గారు వాచీ చూసుకుంటున్నారు. ఇక ప్రశ్నలు. ముందు పిల్లలు అడుగుతారు. తల్లిదండ్రులు కాసేపు ఆగండి. నువ్వు, మూడో బెంచీ, నీలం చున్నీ అమ్మాయీ, ఇందాకటి నుంచి చెయ్యి సగం ఎత్తి దించుతున్నావు. లేచి నిలబడమ్మా. మీ నాన్న వైపు చూడకు, ఇటు చూసి అడుగు.