తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందా?

శ్రోతలకు నమస్కారం. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని మనకో సామెత. కానీ ఎంత ముదిరినా తొండ తొండే. జతకట్టే కాలంలో మగ తొండకు తల, గొంతు ఎర్రబడతాయి. దాన్ని చూసి చాలామంది ఊసరవెల్లి అనుకుంటారు. కంచె మీద తలాడిస్తూ, మనిషి అలికిడికి చటుక్కున పారిపోయేది తొండ. ఊసరవెల్లికి అంత పరుగు లేదు. గాలికి ఊగే ఆకులా ముందుకూ వెనక్కూ ఊగుతూ ఒక్కో అడుగు వేస్తుంది. తోక చుట్ట చుట్టుకుంటుంది, కళ్లు చెరోవైపు తిరుగుతాయి.

దాన్ని గళ్ల లుంగీ మీద పెడితే ఒంటి మీద గళ్లు రావు. ఆకుల్లో దాక్కోవడానికి దాని మామూలు ఆకుపచ్చే చాలు. రంగు మారేది ఎక్కువగా వేడి కోసం, తోటి ఊసరవెల్లులతో మాట్లాడటం కోసం.

ఈ రంగంతా పూత కాదు. నెమలి ఈకను మెత్తగా నూరి చూడండి, ఆ నీలం పోయి గోధుమరంగు పొడి మిగులుతుంది. ఎందుకంటే ఆ నీలం రంగు పదార్థం వల్ల కాదు, ఈకలోని అతి సన్నని అమరిక కాంతిని తిప్పి పంపడం వల్ల వచ్చింది. ఊసరవెల్లి చర్మంలోనూ అలాంటి ఏర్పాటే ఉంది. కొన్ని కణాల్లో గ్వానిన్ అనే పదార్థపు అతి సన్నని పలుకులు వరుసలు తీరి ఉంటాయి. చేప పొలుసుకు వెండి మెరుపు తెచ్చేదీ ఇదే. పలుకులు దగ్గరగా ఉంటే నీలం కాంతి తిరిగొస్తుంది. పైన పసుపు వర్ణకం ఉంది కాబట్టి మన కంటికి ఆకుపచ్చగా కనిపిస్తుంది. పలుకులు ఎడమైతే పసుపు, నారింజ వైపు జరుగుతుంది. మడగాస్కర్‌కు చెందిన పాంథర్ ఊసరవెల్లి మీద జెనీవా విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో ఈ సంగతి తేల్చారు. చర్మపు ముక్కను ఉప్పునీటిలో ఉంచితే కణాల్లో నీరు తగ్గి, పలుకులు దగ్గరై, రంగు నీలం వైపు మళ్లింది.

నలుపు సంగతి వేరు. మెలనిన్ అనే నల్లని వర్ణకపు రేణువులు కణం కొమ్మల్లోకి పాకితే ఒళ్లు నల్లబడుతుంది, కణం నడిమికి ముడుచుకుంటే రంగు తేలిపోతుంది. నలుపు వేడిని బాగా పీల్చుకుంటుంది, చలి ఉదయాన నల్లబడి ఎండ కాగేది అందుకే.

యెమెన్ ప్రాంతపు వీల్డ్ ఊసరవెల్లి మగవి ఎదురుపడితే, తల రంగు ఎంత వేగంగా, ఎంత ప్రకాశంగా మారితే గెలుపు అటువైపే. ఓడింది నల్లబడుతుంది, ఇక కొట్టొద్దని వేడుకోలన్నమాట. కడుపుతో ఉన్న ఆడది కూడా ముదురు రంగు చూపి మగదాన్ని దగ్గరికి రానివ్వదు.

ఊసరవెల్లి రోడ్డు దాటుతూ కనిపిస్తే తోక పట్టి లాగకండి. గొంతు ఉబ్బించి, నోరు తెరిచి బుస కొడుతుంది. విషం లేదు, అది ఉత్త భయం. ముందుకాళ్ల దగ్గర వేలి లావు పుల్ల ఒకటి అడ్డంగా పెట్టండి. రెండు వేళ్లు ఒకవైపు, మూడు మరోవైపు వేసి పట్టకారులా పట్టుకుని అదే ఎక్కుతుంది. తొందర పెట్టకండి. అది వెళ్తున్న వైపునే పొద మీద వదలండి. ఇంటికి తెచ్చి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పొదలో చేరాక దూరం నుంచి కాసేపు చూడండి. ఒంటి మీది నల్లమచ్చలు మెల్లగా తేలిపోయి ఆకుపచ్చ పైకొస్తే, దాని భయం తీరినట్టే.