గడియ ఎవరి చేతిలో ఉంది?

సభకు నమస్కారం.

విదేశాలకు వెళ్లి అక్కడి బాలుర గృహాల్లో జీవితం గడిపిన క్రైస్తవ మిషనరీల గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు, సేవ, త్యాగం అన్న రెండు మాటలను వీలైనంత పొదుపుగా వాడతానని ముందే చెప్పాను. ఆ మాటల్లో అబద్ధమేమీ లేదు. అయితే వాటి వాడకం ఎక్కువైన ప్రతి ప్రసంగంలోనూ మిషనరీ ఒక్కడే వెలుగులో నిలబడతాడు, పిల్లవాడు చీకట్లో ఉండిపోతాడు. నేను ఒక బాలుర వసతి గృహంలో పదకొండేళ్లు వార్డెన్‌గా పనిచేసినవాణ్ణి. ఆ అనుభవం వల్ల, ఏ దేశంలో ఏ సంఘంవారు నడిపిన గృహమైనా సరే, దాని గురించి నేను మొదట తెలుసుకోవాలనుకునేది ఒక్కటే: తలుపు గడియ ఎవరి చేతిలో ఉంది?

ఈ ప్రశ్నకు తగిన కథ ఇటలీలోని టూరిన్ నగరంలో మొదలవుతుంది. 1847 మే నెలలో, ఒక వాన కురిసే రాత్రి, ఊరి శివార్లలోని వాల్డొక్కోలో ఉంటున్న డాన్ బోస్కో అనే యువ క్యాథలిక్ మత గురువు ఇంటికి పదిహేనేళ్ల కుర్రవాడొకడు తడిసి ముద్దై వచ్చాడు. వాల్సేసియా కొండ ప్రాంతం నుంచి తాపీ పని వెతుక్కుంటూ వచ్చిన అతని దగ్గర ఉన్న మూడు లీరాలూ పని దొరక్కముందే ఖర్చైపోయాయి. డాన్ బోస్కో తల్లి మార్గరీటా అతన్ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, బట్టలు ఆరాక సూప్, రొట్టె పెట్టింది. చిక్కంతా ఆ తర్వాతే వచ్చింది. అంతకుముందు అలాగే ఆశ్రయం ఇచ్చిన కుర్రాళ్లు తెల్లవారేసరికి దుప్పట్లతో సహా మాయమయ్యారు. ఇతన్ని వంటింట్లో పడుకోబెడదామని తల్లి అంటే, గిన్నెలు కూడా పోతాయేమోనని కొడుకు సందేహించాడు. చివరికి తల్లీకొడుకులిద్దరూ బయటికి వెళ్లి విరిగిన ఇటుకలు ఏరుకొచ్చి, నాలుగు దిమ్మెలు పేర్చి, వాటి మీద చెక్కలు పరిచి, పైన గడ్డి పరుపు వేశారు. ఆ ఇంటి మొదటి పడక అదే. పడుకునే ముందు మార్గరీటా ఆ కుర్రవాడికి పని గురించీ, నమ్మకం గురించీ, దేవుడి గురించీ రెండు మాటలు చెప్పింది. ఆ తర్వాత వంటింటికి తాళం వేశారు, తెల్లవారేదాకా తీయలేదు.

తాళం సంగతి నేను కల్పించి చెబుతున్నది కాదు. డాన్ బోస్కో తన జ్ఞాపకాల్లో తానే రాసుకున్నాడు. భక్తి కథలు చెప్పేవారు ఇటుకల మంచం దాకా చెప్పి ఆ వాక్యాన్ని దాటవేస్తుంటారు. నాకు మాత్రం ఆ కథలో అన్నిటికన్నా విలువైన వాక్యం అదే. పిల్లల్ని చేరదీసే ప్రతివాడిలోనూ దయతో పాటు భయం ఉంటుంది. తాళం వేశామని ఒప్పుకోగలిగినవాడే ఏదో ఒక రోజున దాన్ని తీయగలుగుతాడు.

డాన్ బోస్కో ఆ తాళం తీసిన తీరు చూడదగినది. పిల్లల్ని అదుపులో పెట్టడానికి శిక్షల మీద ఆధారపడటానికి బదులు, తప్పు జరిగే సందర్భమే రాకుండా పెద్దవాళ్లు ఎప్పుడూ పిల్లల మధ్యనే ఉండాలన్నాడు. వివేకం, విశ్వాసం, వాత్సల్యం ఈ పద్ధతికి పునాదులు. చెప్పులు కుట్టడం, బట్టలు కుట్టడం, పుస్తకాల బైండింగ్, వడ్రంగం, అచ్చుపని నేర్పే శిక్షణశాలలు ఒక్కొక్కటిగా వెలిశాయి. బయట యజమానుల దగ్గర పనికి కుదిరిన కుర్రవాళ్ల కోసం 1850ల తొలినాళ్లలోనే లిఖితపూర్వక ఒప్పందాలు రాయించాడు. పిల్లవాడి చేత ఇంటిచాకిరీ చేయించుకోకూడదని యజమాని సంతకం పెట్టి ఒప్పుకోవాలి. మార్గరీటా ఆ రాత్రి చెప్పిన రెండు మాటలు కూడా ఆచారంగా నిలిచాయి. డాన్ బోస్కో స్థాపించిన సంఘంవారిని సలేషియన్లు అంటారు; ఇప్పటికీ ఏ దేశంలోని సలేషియన్ గృహానికి వెళ్లినా, రాత్రి ప్రార్థన తర్వాత పెద్దవాళ్లలో ఒకరు రెండు మూడు నిమిషాలు మాట్లాడి శుభరాత్రి చెప్పే అలవాటు కనబడుతుంది.

ఈ పద్ధతి సముద్రం దాటింది 1875లో. నవంబరు 11న టూరిన్‌లో వీడ్కోలు తీసుకున్న పదిమంది, మూడు రోజుల తర్వాత జెనోవాలో ఓడ ఎక్కి డిసెంబరు 14న అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్ చేరారు. వారి నాయకుడు జొవాన్ని కాలియెరో వయసు అప్పటికి 37 ఏళ్లు. ఆయన 1851లో పిల్లవాడిగా వాల్డొక్కో ఇంట్లో చేరినవాడే. ఇది చిన్న విషయం కాదు. ఇతరుల పిల్లల్ని పెంచడానికి సముద్రం దాటిన మనిషి తానే ఒకప్పుడు అలాంటి ఇంట్లో వరసలో నిలబడి గిన్నె పట్టుకుని ఉన్నవాడైతే, అతను పిల్లవాణ్ణి చూసే చూపే వేరు. వెళ్లేవారికి డాన్ బోస్కో రాసిచ్చిన ఇరవై సూచనల్లో మొదటిది, ఆత్మల్ని వెతకండి, డబ్బునూ గౌరవాలనూ వెతకవద్దు అని. మరొకటి, రోగులనూ పిల్లలనూ ముసలివాళ్లనూ పేదలనూ ప్రత్యేకంగా పట్టించుకోండి అని.

బ్యూనస్ ఐరిస్‌లో వాళ్లకు ఎదురైనవాళ్లు ముందుగా తమ దేశంవాళ్లే. ఇటలీ నుంచి వలస వచ్చి రేవు పక్కన లా బోకా ప్రాంతంలో చేరిన కుటుంబాల పిల్లలు వీధుల్లోనే పెరుగుతున్నారు. అక్కడ గురువులంటే అంతగా గిట్టదు కూడా. స్పానిష్ నేర్చుకుంటూ, పాఠాలు చెబుతూ, పాటలు నేర్పుతూ ఆ పిల్లలకు దగ్గరయ్యారు. కొద్దికాలానికే అల్మాగ్రో ప్రాంతంలో వృత్తివిద్యా పాఠశాల మొదలైంది. కాలియెరో స్వయంగా సంగీతకారుడు. సలేషియన్ గృహాల్లో బ్యాండు మేళానికి ఇచ్చిన స్థానం చూసి నవ్వుకునేవారు ఉండవచ్చు. కానీ చదువు అబ్బని కుర్రవాడి చేతికి ఒక బాకా ఇచ్చి పండగనాడు ఊరి ముందు నిలబెట్టడం ఎంత పెద్ద వైద్యమో హాస్టల్ నడిపినవాళ్లకు తెలుసు.

ఇక్కడ ఆగిపోతే నేను సగం నిజమే చెప్పినవాణ్ణవుతాను. 1879లో అర్జెంటీనా జనరల్ రోకా సైన్యం దేశానికి దక్షిణాన ఉన్న పటగోనియా ఆదివాసుల భూముల మీదికి దండెత్తినప్పుడు, ఆ సైన్యం వెంట సలేషియన్ గురువు కొస్తమాన్యా కూడా వెళ్లాడు. మరికొన్నేళ్లకు, 1890లో, చిలీ ప్రభుత్వం దక్షిణాది కొసన ఉన్న డాసన్ ద్వీపాన్ని ఇరవై ఏళ్లకు అదే సంఘానికి అప్పగించింది. గొర్రెల పెంపకందార్లు ఆ ప్రాంతపు ఆదివాసులైన సెల్క్‌నామ్ ప్రజల్ని వేటాడి చంపుతున్న రోజులవి కనుక, ఆ ద్వీపం రక్షణ స్థలమనే మిషనరీలు నమ్మారు. కానీ సంచార జీవనానికి అలవాటుపడిన మనుషుల్ని ఒకచోట గుమిగూర్చి, బట్టలు తొడిగి, ఇళ్లలో పెట్టేసరికి అంటువ్యాధులు చెలరేగాయి. పిల్లలూ పెద్దలూ వందల సంఖ్యలో చనిపోయారు. 1911లో మిషన్ మూతపడింది. దురుద్దేశంతో చేశారని నేను అనడం లేదు. టూరిన్‌లోని వంటింటికి తాళం వేసినా తెల్లవారి తీశారు. ద్వీపానికి మాత్రం తీయడానికి తలుపే లేదు.

ఒకే గడ్డ మీద పుట్టిన రెండు మార్గాలు ఎంత వేరుగా పోగలవో చూడాలంటే ఐర్లండ్ వైపు తిరగాలి. అక్కడ పుట్టిన ఫాదర్ ఎడ్వర్డ్ ఫ్లానగన్ అమెరికాకు వెళ్లి, 1917 డిసెంబరులో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా నగరంలో, అప్పు తెచ్చిన 90 డాలర్లతో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని బాలుర గృహం మొదలుపెట్టాడు. కోర్టు పంపిన పిల్లలూ వీధిలో దొరికిన పిల్లలూ, తెల్లవాళ్లూ నల్లవాళ్లూ అందరూ ఒకే కప్పు కింద ఉండటం ఆ రోజుల్లో చాలామందికి మింగుడుపడలేదు. 1921లో ఊరి బయటి పొలానికి మారినప్పుడు దాని చుట్టూ కంచె వేయించలేదు. పిల్లలే తమలో ఒకరిని మేయరుగా ఎన్నుకునే ఏర్పాటు చేశాడు. ఆ చోటే బాయ్స్ టౌన్. 1946లో స్వదేశానికి వచ్చిన ఫ్లానగన్, ఐర్లండ్‌లోని బాలల సంస్థల్లో సాగుతున్న శారీరక శిక్షలను బహిరంగంగా ఖండించాడు. ప్రభుత్వంలోని పెద్దలు ఆయన మీదే మండిపడ్డారు. రెండేళ్ల తర్వాత, యుద్ధంలో చితికిన జర్మనీలో అనాథ బాలల పరిస్థితి చూడడానికి వెళ్లి బెర్లిన్‌లో కన్నుమూశాడు.

అదే ఐర్లండ్‌లో పుట్టిన క్రిస్టియన్ బ్రదర్స్ సంఘం పశ్చిమ ఆస్ట్రేలియాలో, పెర్త్ నగరానికి ఉత్తరాన బిండూన్ అనే చోట నడిపిన గృహం పేరు కూడా బాయ్స్ టౌనే. బ్రిటన్, మాల్టా దేశాల నుంచి ఓడల్లో పంపిన పిల్లలు అక్కడికి చేరారు. బతికి ఉన్న తల్లిదండ్రులు చనిపోయారని చాలామందికి చెప్పారు. అక్కడి పెద్ద పెద్ద భవనాలు కట్టడానికి ఆ పిల్లల చేతనే రాళ్లు మోయించారు. కొట్టడం, లైంగిక హింస జరిగిన సంగతి తర్వాతి కాలంలో ఆస్ట్రేలియా ప్రభుత్వం వేసిన విచారణ సంఘం (రాయల్ కమిషన్) ముందు, 2014లో, ఆ పిల్లలే ముసలివాళ్లై వచ్చి చెప్పారు. 2009 నవంబరులో ఆస్ట్రేలియా ప్రధానమంత్రి, 2010 ఫిబ్రవరిలో బ్రిటన్ ప్రధానమంత్రి క్షమాపణ కోరారు. పారిపోదామంటే చుట్టూ అడవి, ఇంటికి ఉత్తరం రాద్దామంటే ఇల్లే లేదని చెప్పిన పెద్దలు. ఏ రెండు సంస్థలకూ పేరూ మతమూ ఒకటైనంత మాత్రాన అవి ఒకే రకం సంస్థలు కావని మన దాతలు, ముఖ్యంగా విదేశాల్లో ఉండి డబ్బు పంపే మనవాళ్లు, గుర్తుంచుకుంటే చాలు.

మన దేశానికి వస్తే, సలేషియన్లు 1906 జనవరిలో తంజావూరు చేరి అక్కడి అనాథ బాలుర గృహాన్ని చేపట్టారు. ఇటలీ నుంచి వచ్చిన వాళ్లకు తమిళం ఒక గండం, ఎండ మరో గండం. పిల్లల ముందు తప్పులు మాట్లాడి, పిల్లల చేత నవ్వించుకుని, పిల్లల దగ్గరే భాష నేర్చుకోవడం విదేశీ మిషనరీకి పట్టే భాగ్యమని నేనంటాను. ఆ గృహంలో పిల్లవాడికి పెద్దవాడికన్నా ఎక్కువ తెలిసిన విషయం అదొక్కటే. దాన్ని చులకనగా చూసి దుబాసీతో పని గడుపుకున్నవాడు ఎన్నేళ్లున్నా అతిథిగానే ఉంటాడు.

మన విజయవాడలో అదే సంఘం 1989 నుంచి నడుపుతున్న నవజీవన్ బాలభవన్ గురించి మీలో చాలామందికి తెలుసు. దేశం నలుమూలల నుంచి రైళ్లు కలిసే ఆ జంక్షన్‌లో, ఇల్లు వదిలి వచ్చిన పిల్లవాడు ప్లాట్‌ఫారం మీద దిగిన మొదటి కొన్ని గంటలే కీలకం. ఇప్పుడు చట్టం కూడా మారింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, దొరికిన పిల్లవాణ్ణి 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ఇంటికి చేర్చే దారులన్నీ వెతికాకే సంస్థలో ఉంచడం. అంటే గృహం గొప్పదనాన్ని ఎంతమంది పిల్లలున్నారన్న లెక్కతో కొలిచే రోజులు పోయాయి. ఎంతమందిని ఇంటికి పంపగలిగారన్నదే లెక్క. ఫొటోల్లో పిల్లలు నిండుగా కనబడాలనుకునే దాతలకు ఇది కొంచెం కష్టంగానే ఉంటుంది.

చివరగా, ఏడాదో రెండేళ్లో విదేశాల్లోని ఇలాంటి గృహాలకు వాలంటీర్లుగా వెళ్లబోతున్న యువతీయువకులు ఈ సభలో ఉన్నారని విన్నాను. 1884లో రోమ్ నుంచి రాసిన ఉత్తరంలో డాన్ బోస్కో, పిల్లల్ని ప్రేమిస్తే చాలదు, తమను ప్రేమిస్తున్నారని పిల్లలకు తెలియాలి అన్నాడు. ఆ ఉత్తరం రాయడానికి కారణం, పెద్దవాళ్లు ఆట స్థలంలో పిల్లలతో ఆడటం మాని, గట్టున నిలబడి తమలో తాము మాట్లాడుకుంటున్నారన్న బాధ. అక్కడ మీ పని ఎక్కువ భాగం ఆ ఆట స్థలంలోనే ఉంటుంది. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా, జ్వరం వచ్చినవాడి పక్కన అర్ధరాత్రి, బట్టలు ఉతికే తొట్టి దగ్గర ఆదివారం పొద్దున. వీటిని ఏ నివేదికలోనూ రాయడానికి వీలుండదు. మీరు తిరిగి వెళ్లే తేదీ మాత్రం మొదటి వారంలోనే పిల్లలకు చెప్పేయండి.

మా హాస్టల్లో తొమ్మిదేళ్ల పిల్లవాడొకడు చేరిన కొత్తలో రోజూ చెప్పులు తలగడ కింద పెట్టుకుని పడుకునేవాడు. ఎవరైనా దొంగిలిస్తారని కాబోలనుకున్నాను. రాత్రికి రాత్రి వెళ్లిపోవలసి వస్తే వెతుక్కోకుండా ఉండాలని వాడే ఒకసారి చెప్పాడు. ఆ ఏడు దూరదేశం నుంచి వచ్చిన ఒక వాలంటీరు వాడికి గాలిపటం కట్టడం నేర్పాడు. ఆరు నెలలకు చెప్పులు గుమ్మం దగ్గర మిగతా జోళ్ల పక్కన చేరాయి. గడువు అయిపోయాక ఆ యువకుడు, పిల్లలు ఏడుస్తారని, వాళ్లు బడికి వెళ్లిన సమయం చూసి బస్సెక్కి వెళ్లిపోయాడు. మంచి మనసుతోనే చేశాడు, నేనూ అడ్డు చెప్పలేదు. ఆ రాత్రి లైట్లు ఆర్పడానికి వెళ్తే గుమ్మం దగ్గర ఒక జత తక్కువ ఉంది.