బండి మీద నాటకం చూసి మారిన అమ్మాయి: మార్టినూ ‘మరియ నాటకాలు’

[తెరపై: చర్చి గోపురం, లోపల ఇరుకు మెట్లు]

ఈ మెట్లు మొత్తం 193. చెక్ దేశంలో పొలిచ్కా అనే చిన్న ఊరు, అక్కడి సెయింట్ జేమ్స్ చర్చి గోపురం. పైగదిలో ఒక చెప్పులు కుట్టే ఆయన కాపురం ఉండేవాడు. ఊళ్లో ఎక్కడైనా నిప్పు అంటుకుంటే పైనుంచి చూసి చెప్పడం కూడా ఆయన పనే. 1890 డిసెంబర్ 8న ఆ గదిలోనే ఆయనకు కొడుకు పుట్టాడు. పేరు బొహుస్లావ్ మార్టినూ, తర్వాత సంగీతకర్త అయ్యాడు. డిసెంబర్ 8 కాథలిక్కులకు మరియమాత పండగ రోజు. కాకతాళీయమే అనుకోండి.

[తెరపై: 1930ల పారిస్]

1923లో పారిస్ చేరిన మార్టినూ అక్కడ జాజ్ రాశాడు, బ్యాలేలు రాశాడు. పెద్ద ఒపేరాల్లో, అంటే పాటలతో నడిచే నాటకాల్లో, హీరో గంటసేపు తన బాధ తవ్వుకుంటూ పాడటం మాత్రం ఆయనకు నచ్చలేదు. దాంతో కొన్ని వందల ఏళ్లు వెనక్కి వెళ్లాడు. చర్చి గుమ్మం ముందు, సంత మధ్యలో, బండ్ల మీద ఆడిన మతనాటకాలు ఆయన్ని పట్టుకున్నాయి. వాటిలో దేవుడు, దెయ్యం, దుకాణదారు అందరూ ఒకే వేదిక ఎక్కుతారు. సూత్రధారుడు వచ్చి కథ చెబుతాడు. 1933, 34ల్లో అలా తయారైన ఒపేరానే ‘మరియ నాటకాలు’. నాలుగు వేర్వేరు కథలు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, మళ్లీ చిన్నది, మళ్లీ పెద్దది.

మొదటిది బైబిల్లోని పదిమంది కన్యల కథ. దీపాల్లో నూనె అయిపోయిన ఐదుగురికి పెళ్లికొడుకు తలుపు తీయడు. పాత ఫ్రెంచి చర్చి నాటకం ఆధారంగా దీన్ని రాసింది వీతెజ్‌స్లావ్ నెజ్వల్. ఆయన కమ్యూనిస్టు, పైగా సర్రియలిస్టు కవి, అంటే కలల్లాంటి వింత ఊహలతో రాసేవాడు! ఈ పని ఆయన చేతికెలా వచ్చిందా అని నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

[తెరపై: నైమేగెన్ కూడలిలో మరికెన్ విగ్రహం]

అసలు సరుకు రెండో కథలో ఉంది. ఈమె మరికెన్, అంటే చిన్న మరియ. నెదర్లాండ్స్‌లోని నైమేగెన్ ఊరిది. దెయ్యం మనిషి వేషంలో వచ్చి ఈ అమ్మాయిని వెంట తీసుకెళ్తాడు. దీనికి మూలమైన పాత డచ్ కథలో వాడికి ఒక కన్నే ఉంటుంది. మరియ అనే పేరు వాడికి గిట్టదు, మార్చుకోమంటాడు. ఆమె కనీసం మొదటి అక్షరమైనా ఉంచుకుంటానని బేరమాడుతుంది. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చేది ఆ బేరమే.

ఏడేళ్లు వాడితో తిరుగుతుంది. ఓ రోజు కూడలిలో బండి మీద నాటకం ఆడుతుంటారు. దేవుడి ముందు మనుషులకు వ్యతిరేకంగా దెయ్యాల తరఫు వకీలు వాదిస్తుంటాడు, మరియమాత దయ చూపమని అడుగుతుంది. మరికెన్ నిలబడి చూస్తుంది. ‘పోదాం పద’ అని వాడి గొడవ. ఈమె కదలదు. నాటకం అయ్యేసరికి ఆమె మనసు మారిపోయింది. దెయ్యం కోపం పట్టలేక ఆమెను ఆకాశానికెత్తి కిందకు విసిరేస్తాడు. పాత కథలో ఆమె బతుకుతుంది.

చూశారా, ఆమెను మార్చింది ఫాదర్ గారి ప్రసంగం కాదు, బండి మీద వేసిన ఆట. ఆ ఆటను మార్టినూ మొత్తం పాడించాడు, ఒపేరా లోపల ఇంకో నాటకంలా.

[తెరపై: మంచు, పశువుల పాక]

మూడోది క్రీస్తు పుట్టుక, చెక్ దేశంలోని మొరావియా ప్రాంతపు జానపద పాటల్లోంచి. మరియ రాత్రి ఉండటానికి చోటడిగితే కమ్మరి కుదరదంటాడు. అతని కూతురికి చేతుల్లేవు. బిడ్డను ఎత్తుకోబోతే ఆమెకు చేతులొస్తాయి. నాలుగోది మఠం వదిలి ప్రేమ వెంట వెళ్లిన సిస్టర్ పాస్కలీనా కథ. ఆమె లేనన్నాళ్లూ మరియమాతే ఆమె రూపంలో మఠంలో పనులు చేస్తుంది, ఎవరికీ తెలియదు.

1935 ఫిబ్రవరి 23న చెక్ నగరం బ్ర్నోలో ‘మరియ నాటకాలు’ మొదటి ప్రదర్శన. అదే ఏడాది దీనికి ప్రభుత్వ బహుమతి కూడా వచ్చింది. మరి తర్వాత ఎందుకు అరుదైపోయింది? ఖర్చు లెక్కేయండి. గాయకులు, పెద్ద కోరస్, డాన్సర్లు, ఆర్కెస్ట్రా, అందరూ కావాలి. కథలు నాలుగైతే సెట్లు కూడా నాలుగు కథలకు. భాష చెక్. పైగా 1948 తర్వాత స్వదేశంలో కమ్యూనిస్టు పాలన, అక్కడ మరియమాత మహిమలు ఎవరు ఆడిస్తారు? మార్టినూ 1938 తర్వాత సొంతూరు మళ్లీ చూడలేదు, 1959లో స్విట్జర్లాండ్‌లో పోయాడు. ఆయన అస్థికలు పొలిచ్కా చేరింది 1979లో.

వినాలనిపిస్తే చెక్ కండక్టర్ యిర్జీ బ్యెలోహ్లావెక్ ఆర్కెస్ట్రాను నడిపించిన 1980ల రికార్డింగ్ ఉంది. మొత్తం ఒక్కసారే వద్దు. కూడలిలో బండి ఆగే చోట మొదలుపెట్టండి.