కయ్యలో కోసిన ఆకు ల్యాబుకొచ్చేలోపు

అందరికీ నమస్కారం. పెద్దోళ్ళున్నారు, మా డిగ్రీ పిల్లలూ ఉన్నారు, ఇద్దరికీ సరిపోయేటట్టు మాట్లాడాలంటే కష్టమే, చూద్దాం. రేపు మనం వరి కయ్యల్లో (మడుల్లో) పైరు కోసి, దాంట్లో పిండి, చక్కెర ఎంతుందో కొలవబోతున్నాం కదా, దాని గురించే.

ఆమధ్య పిల్లలతో అయోడిన్ టెస్ట్ చేయించా, పిండి ఉంటే అయోడిన్ చుక్కకి నల్లబడతది. ఆకుని స్పిరిట్‌లో వేసి, ఆ గ్లాసుని వేడినీళ్ళ గిన్నెలో పెట్టి (స్పిరిట్‌ని నేరుగా మంట మీద పెట్టొద్దు, అంటుకుంటది) పచ్చదనం పోగొట్టి అయోడిన్ చుక్కలు వేశారు. మందారం ఆకు నల్లబడింది, వరి ఆకు మాత్రం సరిగా రంగు రాలా. సార్ అయోడిన్ పాడైపోయింది అన్నారు. అయోడిన్ బానే ఉందయ్యా, వరి ఆకు పగలు చేసుకున్నదాన్ని ఎక్కువగా చక్కెరగానే ఉంచుకుంటది, పిండి దాచేది వేరే చోట. అదే పిలకని మొదలు కాడ కోసి, కాండాన్ని చుట్టుకోని ఉండే ఆకు తొడుగు మీద చుక్క వేయించా, నల్లగా వచ్చింది!

ఈనేముందు, అంటే కంకి బయటకి రాకముందు, పైరు కాండంలో, ఆ తొడుగుల్లో పిండి దాచుకుంటది, ఈనినాక దాన్ని కరిగించి కంకికి పంపిస్తది. గింజలోకి పోయే దాంట్లో పెద్ద భాగం ఈనినాక ఆకులు చేసేదే, కానీ తుఫాను మబ్బులు పట్టి నాలుగు రోజులు ఎండ లేకపోతే దాచుకున్నదే దిక్కు. యూరియా దండిగా వేసిన కయ్యలో ఆ తొడుగు పెద్దగా నల్లబడదు, పిండిగా దాచాల్సింది కొత్త ఆకులకీ పిలకలకీ పోతది, చూట్టానికి మాత్రం పైరు ముదురు పచ్చగా బలే ఉంటది.

సరే, రంగు చూస్తే ఉందా లేదా తెలుస్తది, ఎంతుందో తెలియాలంటే ల్యాబే. ఎండబెట్టి పొడి చేసి 80 శాతం ఆల్కహాల్‌లో వేడి చేస్తే చక్కెరలు దిగుతాయి, పిండి అడుగున ఉంటది. దాన్ని యాసిడ్‌తో గ్లూకోజ్ చేసి, గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కలిపిన ఆంథ్రోన్ అనే రసాయనం పోసి, ఆ ట్యూబుని మరిగే నీళ్ళలో ఉంచామంటే ఆకుపచ్చ రంగొస్తది, ఆ రంగు ఎంత చిక్కగా ఉందో మిషన్లో 630 నానోమీటర్ల కాంతి దగ్గర రీడింగ్ తీసుకోని, వచ్చిన గ్లూకోజ్‌ని 0.9తో గుణిస్తే పిండి. ఎందుకు 0.9 అంటే గ్లూకోజ్‌లు గొలుసుగా అతుక్కునేటప్పుడు ఒక్కోదాన్నించి ఒక నీటి అణువు పోతది, 180 కాస్తా 162 అవుతది, అంతే.

ఇదంతా నేర్చుకోవచ్చు, పెద్ద పని కాదు. నేను దెబ్బ తిన్నది దీనికంటే ముందే. మొదట్లో కోవూరు అవతల ఒక కయ్యలో మధ్యాహ్నం పిలకలు కోసి, ప్లాస్టిక్ కవర్లో మూట కట్టి, బస్సు కోసం నిలబడి, సాయంత్రానికి ల్యాబుకొస్తే కవరంతా చెమట. పొద్దున కోసి వెంటనే ఓవెన్‌లో పెట్టిన వాటికంటే చక్కెర తక్కువొచ్చింది, నేనేమో అది పైరు తేడా అనుకోని రాసేసుకున్నా. కోసినాక కూడా ఆకు బతికే ఉంటది, ఊపిరి తీస్తది, ఉన్న చక్కెర కాల్చుకుంటది. మన రొయ్యలోళ్ళకి ఈ సంగతి ఎవురూ చెప్పక్కర్లా, పట్టంగానే ఐస్‌లో వేస్తారు. అప్పట్నుంచి నేనూ రొయ్యల థర్మోకోల్ డబ్బా ఒకటి తెచ్చుకోని ఐస్ వేసుకోని పోతన్నా, నవ్వారు గానీ రీడింగులు కుదిరాయి.

ఇంకోటి తేమ. మన నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలే, కానీ తడి వడ్లా ఆరినవా అని మిల్లరు అడుగుతాడు కదా. ఇదీ అంతే, పచ్చి బరువు మీద లెక్కేస్తే నీళ్ళు పెట్టిన కయ్యలో చక్కెర తగ్గినట్టు కనపడతది. ఎండు బరువు మీదే చెప్పాలి.

టైము కూడా చూసుకోవాలి. పగలంతా చేసింది రాత్రి తినేస్తది కాబట్టి తెల్లారుజామున ఆకు ఖాళీగా ఉంటది, సాయంత్రం నిండుగా. మీ కయ్య ఆరింటికి, పక్కోళ్ళ కయ్య మూడింటికి కోసి పోలిస్తే మీరు కొలిచింది గడియారాన్ని! రేపు మనం ఏడింటికే మొదలుపెడదాం, అన్ని కయ్యల్లో ఏడూ ఎనిమిది మధ్యే, ప్రతి ప్యాకెట్ మీదా టైము పెన్సిల్‌తో రాయండి, పెన్ను ఐస్ నీళ్ళకి చెరిగిపోతది. వారానికోసారి ఇట్నే, నాట్ల నుంచి కోత దాకా.