నాయిన రేకుపెట్టె తెరిచిన రోజు | నల్గొండ వ్లాగ్

హాయ్ అందరికీ, నమస్తే. టైం పొద్దున ఆరున్నర. నా వెనక కనిపిస్తున్నది మా బత్తాయి తోట. డాలస్ నుంచి వచ్చి పన్నెండు రోజులైంది, శనివారం తిరుగు ఫ్లైట్. ఈసారి షాపింగ్ వీడియో పెట్టడం లేదు. నాయినతో వీలునామా రాయించే పని మీద వచ్చాను, అదే చెప్తాను.

పోయినేడు మా పెద్దనాయినకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది, మనుషుల్ని గుర్తుపట్టడం కూడా పోయింది. ఆయన పేరు మీదున్న ప్లాటు అమ్మి వైద్యం చేయిద్దామనుకున్నాం. మా అన్న పేరు మీద ఎప్పుడో రాసిచ్చిన జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన తరఫున పనులు చేయమని ఇచ్చే అధికార పత్రం) ఉంది కదా అని అందరం ధీమాగా ఉన్నాం. వకీలు సాబ్ దాన్ని చూసి, "ఇది ఇక నడవదమ్మా" అన్నారు. అమెరికాలో డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ ఉంటుంది. రాసిచ్చిన మనిషికి తెలివి తప్పినా అది పనిచేస్తుంది. మన దగ్గర మామూలు జీపీఏ అట్లా కాదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ప్రకారం, రాసిచ్చిన మనిషి చనిపోయినా, మతిస్థిమితం పోయినా అది అక్కడితో ఆగిపోతుంది. మా వాళ్లు అప్పు తెచ్చి ఆస్పత్రి బిల్లు కట్టారు. మూడు నెలలకు పెద్దనాయిన పోయారు. ఆ మూడు నెలలు ఫోన్ మోగితే చాలు, నాకు టెన్షన్.

అందుకే ఈసారి నాయిన ముందు కూర్చున్నాను. వీలునామా మాట ఎత్తగానే అమ్మ లేచి వంటింట్లోకి పోయింది. నాయిన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఏంది బిడ్డా, నేను పోతననా?" అన్నారు.

"కాదు నాయినా. నువ్వున్నప్పుడే నీ నోటితో చెప్తే తమ్ముడికి, నాకు మాట తేడా రాదు" అన్నాను.

సాయంత్రానికి ఆయనే మంచం కిందున్న రేకుపెట్టె బయటికి లాగారు. పాత పహాణీలు (భూమి రికార్డులు), పట్టాదారు పాస్‌బుక్కులు, బ్యాంకు బాండ్లు, నా పదో తరగతి మెమో కూడా అందులోనే ఉన్నాయి. పహాణీలు చేతిలో పట్టుకుని ఏ చెలక తాతది, ఏది తాను బోరు వేసి, తోట పెట్టి కొన్నది అని ఒక్కొక్కటే చెప్పారు. ఆ తేడా చాలా ముఖ్యం. సొంతంగా సంపాదించినది ఆయన ఇష్టమున్నవాళ్లకు రాయొచ్చు. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో మాత్రం తన వాటా వరకే రాయగలరు. అందులో హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ నుంచి ఆడపిల్లకూ కొడుకుతో సమాన వాటా ఉంది. ఈ మాట వకీలు సాబ్ చెప్తుంటే నాయిన తల ఊపి, "అది నేనెప్పుడో అనుకున్నదే" అన్నారు. నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు.

మర్నాడు నల్గొండ పోయాం. వీలునామాకు స్టాంప్ పేపర్ అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. కావాల్సింది ఇద్దరు సాక్షులు. ఆస్తి దక్కేవాళ్లను సాక్షులుగా పెట్టుకోకపోవడమే మంచిది. మేం నాయిన స్నేహితులు ఇద్దరిని తీసుకుపోయాం. రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదని డాక్టర్ సర్టిఫికెట్ జతచేసి, రిజిస్టర్ కూడా చేయించాం. సంతకం పెట్టేటప్పుడు నాయిన చెయ్యి వణకలేదు. నాదే వణికింది, అందుకే ఆ క్లిప్ కొంచెం కదిలినట్టుంటుంది.

బ్యాంకులో నామినీగా నా పేరుంది కదా అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నామినీ డబ్బు తీసుకునే మనిషే తప్ప యజమాని కాదు. పంచాల్సింది వారసులకే.

భూమి గురించి కామెంట్లలో రోజూ అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఎన్నారైలు ఇక్కడ వ్యవసాయ భూమి కొనలేరు, వారసత్వంగా మాత్రం పొందొచ్చు. తర్వాత అమ్మాలంటే ఇక్కడ ఉండే భారత పౌరులకే అమ్మాలి.

ఇక మా సంగతి. మాకు డాలస్‌లో ఇల్లుంది, పిల్లలు చిన్నవాళ్లు. అక్కడి ఆస్తికి లివింగ్ ట్రస్ట్ (బతికుండగానే ఆస్తిని ట్రస్టు కింద పెట్టడం) రాయిస్తున్నాం, చనిపోయినవాళ్ల ఆస్తి వ్యవహారాలు తేల్చే ప్రొబేట్ కోర్టు చుట్టూ తిరగకుండా. మా ఇద్దరికీ ఏమైనా అయితే పిల్లల్ని ఎవరు చూసుకోవాలో మా విల్లులో రాశాం. రాయకపోతే అది కోర్టు తేలుస్తుంది. ఇక్కడి ఆస్తికి ఇక్కడే వేరే వీలునామా రాస్తున్నాను. ఒక్క జాగ్రత్త. అమెరికా విల్లుల్లో "ఇంతకుముందు రాసినవన్నీ రద్దు" అనే వాక్యం మామూలుగానే ఉంటుంది. అది అట్లాగే వదిలేస్తే నల్గొండలో నేను రాసే వీలునామా కూడా పోవచ్చు. మా లాయర్‌తో "ఇండియా ఆస్తి మినహా" అని చేర్పించాను.

తమ్ముడికి పవర్ ఆఫ్ అటార్నీ అక్కడికి పోయాక పంపుతాను. నోటరీ ముందు సంతకం, ఆపైన అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ). ఇక్కడికి చేరిన 3 నెలల లోపు స్టాంప్ డ్యూటీ కట్టించాలి. ఏ సర్వే నంబరు, ఏ పని అన్నది మాత్రమే రాస్తాను, అన్ని అధికారాలూ ఇవ్వను. తమ్ముడే అట్లా అడిగాడు.

ఇదిగో, నాయిన పిలుస్తున్నారు. హద్దు రాళ్లు చూపిస్తారట. తూర్పు వైపు రాయి తుమ్మచెట్టు మొదట్లో సగం మట్టిలో ఉంటుందట, అది నాకు తెలియదు. అమ్మ కూడా చెప్పులేసుకుంది, వస్తానంటోంది. కెమెరా ఆపేస్తున్నా.